బిస్కెట్ డబ్బాలో చీటీ

మా ఊరు సలాతిగాలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేనూ, మా తమ్ముడు దనాంగూ, పక్కింటి సర్వోగారూ పటం మీద బొమ్మ ఓడలతో ఓడల యుద్ధం ఆడతాం. ఎవరి ఎత్తు వాళ్లు చీటీ మీద రాసి బిస్కెట్ డబ్బాలో వేయాలి. వేశాక తీయకూడదు. రేవులన్నీ పోయినవాళ్లు ఆట వదిలేసి, మిగిలినవాళ్లకి కాఫీ కలపాలి.

ఆ రోజు నాకు ఒక్క రేవే మిగిలింది, దాన్నీ సర్వోగారి ఓడలు చుట్టుముట్టాయి. దనాంగ్‌ని వరండాలోకి లాక్కెళ్లి సాయం చేయమని బతిమాలాను.

"నా ఓడలన్నీ నీ కాపలాకే పంపుతానక్కా. నువ్వు మాత్రం కదలకు."

"పోయిన వారం కూడా ఇదే కూత కూశావు."

"అప్పుడు అబద్ధం చెప్పా. ఇవాళ నిజం."

వాడి మొహం చూస్తే నమ్మబుద్ధి కాలేదు. వాడు ముంచేలోపు నేనే ముంచుదామనుకున్నాను. నా ఓడలన్నిటినీ వాడి ఒక్కగానొక్క రేవు మీదికి పంపుతున్నట్టు రాసి, చీటీ డబ్బాలో వేశాను.

సర్వోగారు చీటీలు విప్పారు. దనాంగ్ ఓడలన్నీ నా రేవుకి కాపలా వచ్చి, సర్వోగారి ఓడల్ని ఆపాయి. ఖాళీగా ఉన్న వాడి రేవు నాదైంది.

వాడు నా రేవు చుట్టూ ఉన్న తన ఓడలు ఏరుకుని వంటింట్లోకి వెళ్లాడు. కాసేపటికి నా ముందు కప్పు పెట్టాడు.

"పంచదార వేయలేదక్కా, నీకు ఇష్టముండదుగా. ఇక ఎవర్ని బతిమాలతావు?"

ఎదురుగా సర్వోగారు అప్పుడే చీటీ రాస్తున్నారు.