కూర్మారావు ఫొటో

కాలేజీలో ఇంటర్నెట్ అక్షరాస్యత కోర్సు చెప్పే సుమన్ సార్ హోంవర్కు ఇచ్చారు: ఒక అబద్ధపు మెసేజ్ తయారుచేసి క్లాసు గ్రూపులో పెట్టాలి, మిగతావాళ్లు అది అబద్ధమని పట్టుకోవాలి. గ్రూపు గడప దాటనివ్వకండి అని మూడుసార్లు చెప్పారు.

రోహిణి కూర్మారావు ఫొటో పెట్టింది. ఏటేటా విజయనగరం వైపు నుంచి అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకుని టాటానగర్ వచ్చి, రోహిణివాళ్లుండే బర్మామైన్స్‌లో తెలుగు ఇళ్లన్నీ తిరిగి, చంటిపిల్లల్ని చంకనెత్తుకుని పసుపుతాడు కట్టే ముసలాయన. క్లాసులో ఆయన్ని ఎరిగినవాళ్లు లేరు కదా అనుకుంది. నిరుటి ఫొటోలో ఆయన చేతుల్లో పక్కింటి పసిబిడ్డ. పైన హోంవర్కు అని పెట్టి, కింద హిందీలో రాసింది: పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు, కనిపిస్తే వదలకండి.

క్లాసంతా ఇట్టే పట్టేసింది. సార్ మెచ్చుకున్నారు.

మూడోనాడు మధ్యాహ్నం తల్లి జోగమ్మ ఫోను చాపింది.

"ఏటే ఇది? మన కూర్మారావు మావయ్యనాగ లేడూ?"

అదే ఫొటో. అవే మాటలు. హోంవర్కు అన్న ముక్కని ఎవరో కోసేశారు. 'బర్మామైన్స్‌లో తిరుగుతున్నాడు' అని కొత్తగా చేర్చారు. రోహిణి రెండుసార్లు చదివింది.

"తాత ఎప్పుడొత్తాడమ్మా?"

"పొద్దున్నే టాటానగర్‌లో దిగుంటాడు. రైల్వే లైను పక్క సందులో పైడితల్లి మనవడికి ముందు తాడు కడతానన్నాడు. ఏటే, అలా తెల్లబోయినావు?"

కూర్మారావుకి ఫోను లేదు. రోహిణి చెప్పులైనా తొడుక్కోకుండా పరుగెత్తింది. పరుగులోనే క్లాసులో తన పక్కన కూర్చునే సౌరభ్‌కి ఫోన్ చేసి గ్రూపు దాటించావా అనడిగింది. "మమ్మీకో హీ తో భేజా థా," అన్నాడు వాడు. ఒక్క అమ్మకే పంపాడట. గడ్డివాములో ఒక్క నిప్పురవ్వే వేశానన్నట్టు.

ఆ సందులో తెలుగువాళ్లది పైడితల్లి ఇల్లొక్కటే. తలుపు మూసి ఉంది. దాని ముందు ఇరవైమంది మగాళ్లు. ఘటం నేలమీద పగిలి పసుపునీళ్లు కాలవలోకి పోతున్నాయి. ఒకడు కూర్మారావు కండువాని ఆయన మెడకే మెలిపెట్టి పట్టుకున్నాడు.

"నానేటి సేసినాను బాబూ," అంటున్నాడాయన. హిందీ ముక్క రాదు.

"వదలండి, అది అబద్ధం," అంది రోహిణి హిందీలో.

"ఫోన్ మే ఆయా హై," అన్నాడు కండువా పట్టినవాడు, ఫోన్లో వచ్చిందిగా అని. "అబద్ధమని నీకెలా తెలుసు?"

చెబితే ఆ చేతులు తన మీదికొస్తాయి. చెప్పకపోతే, మెలి ఇంకొక్క చుట్టు.

"రాసింది నేనే."

కండువా వదులైంది. అప్పుడు ఒక్కొక్కటిగా ఫోన్లు పైకి లేచాయి, అన్నీ ఆమె మొహం వైపే.

"ఫిర్ సే బోల్. నామ్ బోల్. కాలేజ్ బోల్." మళ్లీ చెప్పాలట, పేరూ కాలేజీ కూడా.

కూర్మారావు దగ్గుతూ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏటంతన్నారమ్మా ఆల్లు?"

"పేరడుగుతన్నారు తాతా."

"సెప్పీ తల్లీ. పేరు సెప్పడానికేటి బయ్యం?"

రోహిణి చెప్పింది, ఇంటిపేరుతో సహా.