బావి నీళ్ల చాయ్

ఎనభై ఒకటో మెట్టు మీద నజీర్ కావడిని ఎడమ భుజానికి మార్చాడు. నలభై మూడేళ్లుగా అక్కడే మారుస్తున్నాడు. పక్కనే గోడకు ఆనించి ఒక నాపరాయి ఉంది. కూర్చుంటే లేవడం కష్టమని దాని జోలికి పోడు. కావడికి చెరోవైపు ఇత్తడి బిందె, నీళ్లు తొణకకుండా ఒక్కోదాంట్లో ఒక కానుగ రెమ్మ, భుజం ఒరుసుకుపోకుండా బద్ద కింద మడతపెట్టిన ఎర్ర గళ్ల రుమాలు. మెట్లు మొత్తం నూట ఇరవై ఎనిమిది.

మెట్ల చివర, ఫలక్‌నుమా వెనక గుట్ట నెత్తిన సుభానీ హోటల్ ఉంది. నూరేళ్లకు దగ్గర పడిన కట్టడం. కింద చాయ్‌ఖానా, పైన ముసాఫిర్ల కోసం ఆరు గదులు. గుట్ట వాలు పొడుగునా అటవీశాఖ వాళ్ల పార్కు, దాని కింది అంచున బావి. వానాకాలం వచ్చిందంటే అక్కడ చెట్లూ తీగలూ ఎంతగా అల్లుకుంటాయంటే పట్టపగలు కూడా మెట్ల మీద చీకటే. పత్తర్‌గట్టిలో పెళ్లి బట్టలు కొన్నవాళ్లు ఇంత దూరం ఆటో మాట్లాడుకుని వచ్చేది ఆ అడవి గాలి కోసం కొంత, చాయ్ కోసం మిగతా అంతా. గల్లా పైన ఉర్దూలో బోర్డు ఉంది, తమ చాయ్ పార్కు బావి నీళ్లతో కాస్తామని. నజీర్ దాన్ని కూడబలుక్కుని చదవగలడు. తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు.

వంటింటి వెనక రాతి గోలెంలో బిందెలు వంపి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. చాయ్ కాచే ఈశ్వరయ్య కప్పు అందించాడు. నజీర్ ఒక్క గుక్క తాగి, కళ్లు మూసి, వరండాలో కూర్చున్న కొత్త అతిథి వైపు తిరిగాడు.

"బావి నీళ్ల రుచే వేరు సాబ్. నల్లా నీళ్లతోని గీ రంగు రాదు, గీ వాసన రాదు."

అతిథి ఫోన్ తీసి అతన్ని ఫొటో తీసుకున్నాడు. నజీర్ టోపీ సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. నీళ్లు మోసే భిష్తీల ఇంట పుట్టినవాడు. తండ్రి తోలు సంచి వీపున వేసుకుని ఇవే మెట్లు ఎక్కాడు. ఈ గుట్ట మీద సేట్లు మారారు, నీళ్లు మోసే ఇల్లు మాత్రం మారలేదు. ఆ గర్వం నజీర్‌కు నడుం వంగనివ్వలేదు. ఈశ్వరయ్య మాత్రం ఎప్పటిలాగే తల వంచుకుని గిన్నెలో గరిటె తిప్పుతున్నాడు.

రెండో ఖేపు నీళ్లకు పోయేముందు ఇంట్లో రొట్టె తిన్నాడు. ఇల్లంటే మెట్ల మొదట్లో ఒక గది. భార్య ఇక్బాలున్నీసా అగరుబత్తీలు చుడుతూ, తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"డాక్టర్ ఏం జెప్పిండు? మెట్లు ఎక్కితే ఖతం అన్నడా లేదా?"

"డాక్టర్లు గట్లనే అంటరు."

"ఇయ్యాల నేనే పోయి సేట్‌కు చెప్పొస్త."

"చెప్పినవంటే నా మీద ఒట్టే." నజీర్ గొంతు పెరిగింది. "నేను ఎక్కకుంటే చాయ్ బంద్. ఆ హోటల్ నిలబడ్డదే చాయ్ మీద."

"హోటల్ గుట్ట మీద నిలబడ్డది. నీ గుండె మీద కాదు."

అతను నవ్వి లేచాడు. జేబులో నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఉన్నాయో లేదో తడిమి చూసుకున్నాడు. చావంటే భయం లేక కాదు. తను పడిపోయిన మర్నాడు ఈశ్వరయ్య ఖాళీ గోలెం ముందు నిలబడి ఏం చేస్తాడన్నదే అతని ఫికర్.

ఆ మధ్యాహ్నం నలభయ్యో మెట్టు మీదే ఛాతీ పట్టేసింది. మాత్ర పెట్టుకుని, బిందెలు ఒంపేసి, కావడిని కిందికి చేర్చి, చెమట ఆరేదాకా కూర్చున్నాడు. నీళ్లు సాయంత్రానికి గాని రావని, ఉన్నవాటినే జాగ్రత్తగా వాడుకోమని ఈశ్వరయ్యకు చెప్పాలి. ఉత్త చేతులతో మెల్లగా మెట్లెక్కి, ఎప్పుడూ తొక్కని వంటింటి గుమ్మం తొక్కాడు.

ఈశ్వరయ్య చాయ్ గిన్నెను గోడ నల్లా కింద పెట్టి నింపుతున్నాడు.

గోలెం ఎండిపోయిందేమోనని నజీర్ బయటికి నడిచాడు. వెనక్కి వెళ్లి చూశాడు. పొద్దున తను పోసిన నీళ్లు సగానికి పైగా అలాగే ఉన్నాయి. గోలెం అడుగు నుంచి ఒక పైపు, చిన్న మోటారు మీదుగా, గోడ పట్టుకుని పై గదుల వైపు పోతోంది. నలభై మూడేళ్లు నీళ్లు పోసినవాడు ఆ పైపు ఎటు పోతుందో ఏనాడూ వంగి చూసుకోలేదు.

"ఏంది ఈశ్వరయ్యా ఇది?"

ఈశ్వరయ్య నల్లా కట్టేశాడు.

"బావి నీళ్లు ఖరాబయినయ్ భాయ్. పార్కోళ్లు పరీక్ష జేపిచ్చిండ్రు. మన బడే సేట్ సచ్చిపోయేముందు నాతోని ఒట్టేపిచ్చుకుండు, నజీర్‌కు చెప్పొద్దని. చెప్తే పని మానుతడు, ఊకె జీతమిస్తే తీస్కోడు, ఇల్లెట్ల గడుస్తదని."

"ఎప్పటి సంది?"

"ఆరేండ్లాయె."

"మరి నా నీళ్లు?"

"గదులల్ల... బాత్రూములకు."

నజీర్‌కు ఏడుపు రాలేదు, సిగ్గు వేసింది. ఆరేళ్లుగా రోజూ ఆ కిటికీ దగ్గర నిలబడి నల్లా నీళ్ల చాయ్ తాగి, బావి రుచే వేరని ఊరందరికీ చెప్పాడు. చాకిరీ బూడిదలో పోసిన పన్నీరయితే అయింది, తన నాలుక కూడా తనకు అబద్ధమే చెప్పింది. ఈశ్వరయ్య చాయ్ పోసి ఇచ్చాడు. నజీర్ చివరిదాకా తాగాడు. ఆ రోజు మాత్రం రుచి గురించి ఏమీ అనలేదు.

"నేను పోయి ఇంకో ఖేపు తెస్త."

"ఎందుకు భాయ్ ఇంక? జర కూసో."

"ముసాఫిర్లు ఉన్నరు గద. బాత్రూముల నీళ్లు లేకుంటే వాళ్లేం జేస్తరు?"

పార్కు గేటు కాపలా ఉండే ఆండాలు తాళం తీసింది. బావి గట్టున ఒక రేకు బోర్డు ఉంది. నజీర్ రోజూ రుమాలు దాని మీదే వేసి, చేద లాగుతాడు. ఇవాళ వెయ్యబోయి ఆగాడు.

"బిడ్డా, దీని మీద ఏం రాసుంది?"

"నీకు తెల్వదా చాచా?" ఆండాలు తెల్లబోయింది. "ఈ నీళ్లు తాగరాదు, అని రాసుంది. బాత్రూముల కోసమే తోడుకుంటున్నవు అనుకున్న."

అతను తలూపాడు. రెండు బిందెలు నింపి, కానుగ రెమ్మలు తుంచి వేశాడు. తర్వాత రుమాలు మడత విప్పి, అక్షరాలన్నీ మూసుకుపోయేలా బోర్డు నిండా పరిచాడు. కావడిని ఉత్త భుజానికే ఎత్తుకున్నాడు.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక కూడా అతను పైకి రాకపోతే ఈశ్వరయ్య మెట్లు దిగాడు. ఎనభై ఒకటో మెట్టు పక్కన, నాపరాయి మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు నజీర్. టోపీ చెదరలేదు. బిందెలు నిటారుగా ఉన్నాయి, చుక్క తొణకలేదు. ఒళ్లు అప్పటికే చల్లబడింది. కుడి భుజం మీద చొక్కా చిరిగి, బద్ద ఒరుసుకున్న చోట చర్మం ఎర్రగా లేచింది.

ఇక్బాలున్నీసా మోకాళ్ల మీద చేతులూని మెట్లెక్కి వచ్చింది. చాలాసేపు అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"డాక్టర్ ఎక్కొద్దన్నడు అన్నా. మీకు చెప్త అంటే ఒట్టేపిచ్చుకుండు. నేను ఆగితే చాయ్ ఆగుతది అన్నడు."

ఈశ్వరయ్య బిందెలు రెండూ ఎత్తి పక్కన పెట్టి, అతన్ని కిందికి మోసేందుకు నలుగురిని పిలిచాడు.

హోటల్ ఒక రోజు మూసి ఉంది. మూడో రోజు పొద్దున వరండాలోంచి ఎవరో బావి నీళ్ల చాయ్ రెండు చెప్పారు. ఈశ్వరయ్య గిన్నె నల్లా కింద పెట్టాడు. నిండి పొర్లుతున్నా కట్టెయ్యడం గుర్తు రాలేదు.

కింద పార్కులో ఆండాలు బావి గట్టు ఊడ్చింది. బోర్డు మీది ఎర్ర గళ్ల రుమాలు మంచుకు తడిసి రేకుకు అంటుకుపోయి ఉంది, మధ్యలో కావడి బద్ద అరగదీసిన చోట సన్నగా వెలిసిపోయి.