పుల్ల ఐసు పరీక్ష

బోరింగు దగ్గర కూర్చుని భాను లంచ్ డబ్బాను చింతపండుతో తోముతున్నాను. సబ్బుతో రెండుసార్లు కడిగినా మూత అంచులో పులుపు వాసన పోలేదు. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసి, మూత తీయగానే ముక్కుకు తగిలే వాసన అది. ఈ నెల రోజుల్లో నాకు బాగా అలవాటైపోయింది. తీసుకెళ్లిన అన్నం దాదాపు తీసుకెళ్లినట్టే వచ్చింది. దాన్ని ఇప్పుడే కుక్క గిన్నెలో వేశాను.

"ఇయ్యాల గూడ తినలేదా?" నులక మంచం మీద నుంచి మా అత్త రూప్లి అడిగింది.

"రెండు ముద్దలు తిన్నదట."

"రెండు ముద్దలు కాకి గూడ తింటది."

భాను మా బిడ్డ. నాలుగో తరగతి. పోయిన ఏడాది దాకా తండా బడిలోనే చదివింది. అక్కడ మధ్యాహ్నం బడిలోనే వండి పెట్టేవాళ్లు. ఈ ఏడు దమ్మపేటలో ఇంగ్లీషు మీడియం బడిలో వేశాం. పొద్దున ఏడింటికి బస్సు తండా మలుపు దగ్గర ఆగుతుంది. లంచ్ ఒంటిగంటకు. ఆ ఆరు గంటల్లో బస్సు పోను మిగతా సేపంతా పిల్లల అన్నం సంచులన్నీ రేకుల వరండాలో ఒక చెక్క అరలో ఉంటాయి. ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు ఆ అరను చూశాను. పది దాటితే ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. ఈ ఏడు వానలు వెనకబడ్డాయి. పామాయిల్ తోటల మీంచి వచ్చే గాలి కూడా ఉక్కగానే ఉంది.

పెరుగన్నం బదులు కూరన్నం పెడితే సరిపోతుంది కదా అంటారు. భాను చల్లారిన కూర ముట్టదు. నడక రాకముందు నుంచి దాదీ చేతి చల్లన్నం తిని పెరిగింది. దాదీ అంటే మా అత్తే. ఆమె రాత్రి చట్టిలో అన్నం వేసి, గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు తోడేస్తుంది. తెల్లారేసరికి మెతుకుల చుట్టూ పెరుగు గట్టిగా పేరుకుని ఉంటుంది. దాంట్లోకి ఒక ఉల్లిగడ్డ ఉంటే చాలు, భాను గిన్నె నాకుతుంది.

బడి తెరిచిన మొదటి వారం అదే పెట్టి పంపాను. పక్కన కూర్చునే మనోజ్ఞ అనే పిల్ల చూసి, "మీరు రాత్రన్నం తింటారా?" అన్నదట. భాను ఇంటికి రాగానే చెప్పలేదు. నేను వీపు రుద్దుతుంటే అటు తిరిగి చెప్పింది. ఆ మర్నాటి నుంచి నేను ఐదింటికే లేచి వేడి అన్నం వండి, పెరుగు కలిపి పంపుతున్నాను. మా బిడ్డను చూసి ఇంకొకరు ఆ మాట అనకూడదనుకున్నాను.

సాయంత్రం మా ఆయన కోటేష్ డ్యూటీ నుంచి వచ్చాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. బూట్లు విప్పుతూనే చెప్పాడు.

"హీరాలాల్ బాబాయి ఫోన్ చేసిండు. ఆయన వార్డెన్‌గ ఉన్న హాస్టల్ల ఒక సీటు ఉన్నదట. నెలాఖరుకు చెప్పమన్నడు."

నేను ఆయన బూట్లు తీసి గోడ వారగా పెట్టాను.

"కోపంతోని చెప్తలేను హేమా. పిల్ల మొకం చూడు, ఎట్ల పీక్కపోయిందో. అక్కడైతే పొయ్యి మీదికెల్లి పళ్లెంలకు పెడతరు."

"తొమ్మిదేండ్ల పిల్ల," అన్నాను.

"నేను ఆరేండ్లకే పోయిన. బతకలేదా?"

"బతికినవ్. ఇప్పటికీ పప్పు చూస్తె పళ్లెం ముంగటికెల్లి లేస్తవ్," అన్నది అత్త.

కోటేష్ నవ్వాడు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. నెలాఖరుకు పన్నెండు రోజులు ఉన్నాయి. భాను పడుకునేటప్పుడు నా కొంగు వేలికి చుట్టుకుంటుంది. ఆ రోజు నిద్రపోయాక కూడా నేను దాన్ని విడిపించుకోలేదు.

బడి అరలో కొన్ని సంచులు లావుగా, లోపల వెండి కాగితంలా మెరుస్తూ కనబడ్డాయి నాకు. చల్లగా ఉంచే లంచ్ సంచులట. అలాంటిది ఒకటి కొందామన్నాను. ఆదివారం ముగ్గురం బండి మీద సత్తుపల్లి వెళ్లాం.

చెంచురామయ్య గారి కొట్లో బడి సంచులు, గొడుగులు, నీళ్ల సీసాలు పైకప్పు దాకా వేలాడుతుంటాయి. గుమ్మం పక్కన ఐస్‌క్రీముల ఫ్రిజ్ ఉంటుంది. ఆయన భానును చూడగానే గులాబీ రంగు సంచి ఒకటి దించాడు. దాని మీద ఒంటికొమ్ము గుర్రం బొమ్మ ఉంది.

"ఇదిగో తల్లీ. ఇప్పుడు పిల్లలందరూ ఇదే పట్టుకెళ్తున్నారు."

భాను దాన్ని రెండు చేతులతో కౌగిలించుకుంది. ఇక అక్కడి నుంచి కదిలేలా లేదు.

"ఇంకోటి చూపియ్యి పెద్దయ్యా," అన్నాను.

ఆయన మరో రెండు తీశాడు. ఒకటి నల్లది, పెద్దది. ఇంకొకటి నీలం రంగుది. దాని మీద బొమ్మ లేదు, పూవు లేదు.

గుర్రం సంచి గోడను రెండు వేళ్లతో నొక్కాను. అటు వేలు ఇటు వేలికి తగిలినట్టే ఉంది. జిప్పు చివర మూలలో చిటికెన వేలు దూరేంత సందు మిగిలింది. నల్లదాని గోడ మందమే గానీ మూడు డబ్బాలు పట్టేంత ఉంది. మా చిన్న డబ్బా అందులో పెడితే చుట్టూ వేడిగాలే ఉంటుంది. నీలం సంచిని పట్టుకుంటే బొంతను పట్టుకున్నట్టుంది. ఇంటి నుంచి తెచ్చిన డబ్బాను అందులో పడుకోబెట్టి చూశాను. డబ్బా సరిపోయింది. పక్కన చిన్న సీసాకు చోటు కూడా మిగిలింది.

"ఈ రెండిట్ల ఏది ఎక్కువసేపు చల్లగ ఉంచుతది?" గుర్రం సంచినీ నీలం సంచినీ చూపించి అడిగాను.

"రెండూ ఉంచుతాయమ్మా. చీటీ మీద ఆరు గంటలని రాశారు చూడు."

"రెండిటి మీద అదే రాసిన్రు."

చెంచురామయ్య గారు కళ్లజోడు పెట్టుకుని రెండు చీటీలూ చదివాడు. "అవునే," అన్నాడు.

"రెండు పుల్ల ఐసులు ఇయ్యి పెద్దయ్యా."

ఆయన పాపకనుకుని ఇచ్చాడు. నేను వాటిని చెరో ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చెరో సంచిలో పెట్టి, జిప్పులు వేసి, కొట్టు మెట్టు మీద ఎండలో పెట్టాను.

"కొత్త సరుకమ్మా. ఎండలో పెడతావేంటి?"

"బళ్లె గూడ ఎండలనే ఉంటయి పెద్దయ్యా. మేం కూరగాయలు కొనుక్కొని వస్తం. అప్పటిదాక ఎవరినీ తియ్యనియ్యకు."

ఆయన నన్నూ, సంచులనూ, కోటేష్‌నూ వరసగా చూశాడు. "నలభై ఏళ్ల నుంచి కొట్టు నడుపుతున్నాను. సంచికి పరీక్ష పెట్టిన మనిషిని ఇదే చూడటం. ఏమయ్యా, ఇంట్లో కూడా ఇంతేనా?"

కోటేష్ బండి దగ్గరికి జరిగి నిలబడ్డాడు. సంతలోకి నడుస్తుంటే అడిగాడు. "పెండ్లికి ముందు నన్ను గూడ గిట్లనే ఎండల నిలబెట్టి చూసిన్రా మీ ఇంట్ల?"

"చూసిన్రు. సగం కరిగినవట. అయినా సరే అనుకున్నరు," అన్నాను.

ముప్పావు గంటకు తిరిగి వచ్చేసరికి మెట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు ఆగి ఉన్నారు. చెంచురామయ్య గారు స్టూలు వేసుకుని సంచులకు కాపలా కూర్చున్నాడు. గుర్రం సంచి తీశాను. కవర్లో ఎర్రటి నీళ్లు, వాటిలో పుల్ల. నీలం సంచి తీశాను. ఐసు అంచులు మెత్తబడ్డాయి గానీ సగానికి పైగా పుల్లకు పట్టుకునే ఉంది. చూస్తున్నవాళ్లలో ఒకామె "నాకూ ఆ నీలందే ఇవ్వండి," అన్నది.

మిగిలిన ఐసును భాను చేతికిచ్చాను. అది చప్పరిస్తూ గుర్రం వైపు చాలాసేపు చూసింది. చివరి ముక్క అయిపోయాక నీలం సంచి పట్టీని తనే భుజానికి తగిలించుకుంది. చెంచురామయ్య గారు గుర్రం బొమ్మ ఉన్న తాళంచెవుల గొలుసు ఒకటి తీసి ఆ జిప్పుకు కట్టాడు. "సరుకు తేవడానికి వెళ్లేటప్పుడు ఈసారి నేనూ ఐసు పట్టుకెళ్తాను," అన్నాడు.

సోమవారం పొద్దున ఐదింటికే అన్నం వండాను. పెరుగు కలిపి, ఆవిరి పోకముందే డబ్బాలో పెట్టి, పక్కన గడ్డకట్టిన నీళ్ల సీసా పెట్టి జిప్పు వేశాను. ఇక దిగులు లేదనుకున్నాను. ఆ రోజు మిరప నారుమడికి నీళ్లు పెడుతూ రెండుసార్లు గడియారం చూసుకున్నాను. ఒంటిగంటప్పుడు భాను తింటూ ఉంటుందనుకున్నాను.

సాయంత్రం వచ్చి సంచిని నా ముందు పెట్టింది. మూత తీస్తే అన్నం మీద బుడగలు. సీసాలో నీళ్లు వెచ్చగా ఉన్నాయి.

"అమ్మా, సంచి లేనప్పటికంటె ఎక్కువ వాసనొచ్చింది. టీచర్ గూడ ఏందది అని అడిగింది."

"పుల్ల ఐసు పాసయింది, అన్నం ఫెయిలయింది," అన్నాడు కోటేష్. నా ముఖం చూశాడు. నెమ్మదిగా, "ఇంక తొమ్మిది రోజులున్నయి," అన్నాడు.

అత్త డబ్బాలోకి తొంగి చూసింది. ఏదో అనబోయి, ఆకు చెక్క నోట్లో వేసుకుంది.

తప్పు సంచిదని నాకు అనిపించలేదు. ఐసును దాచిన సంచి అన్నాన్ని ఎందుకు పాడుచేస్తుంది? మంగళవారమంతా అదే ఆలోచించాను. ఆ రోజు భానుకు బిస్కెట్లు పెట్టి పంపాను.

బుధవారం తండాలో పిల్లలకు టీకాల రోజు. సిస్టర్ సువర్ణ భుజానికి నీలం డబ్బా వేసుకుని అంగన్‌వాడీకి వస్తుంది. నెలనెలా చూస్తూనే ఉన్నాను గానీ ఆ రోజు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మూత తీస్తే నాలుగు వైపులా ఐసు పలకలు, మధ్యలో చిన్న సీసాలు. మందు తీయగానే ఆమె మూత మూసేస్తోంది. సందు చూసుకుని అడిగాను.

"సిస్టర్, దీంట్ల వేడిది పెడితే ఏమయితది?"

"ఎందుకు, చాయ్ తెస్తవా ఏంది?"

నేను భాను అన్నం సంగతి చెప్పాను. సువర్ణ ఒక పసివాడి తొడ మీద దూది అద్దుతూ నవ్వింది.

"అమ్మా, ఈ డబ్బకు చల్లగ చేసుడు రాదు. కాపలా కాసుడే వచ్చు. చల్లది పెడితే చల్లదాన్ని కాస్తది. నువ్వు వేడన్నం పెట్టినవ్, ఒంటిగంట దాక వేడిని కాసింది. దానిదేం తప్పు?"

ఇంటికి నడుస్తూ లెక్క వేసుకున్నాను. ఐదింటికి వండిన అన్నం ఏడింటికల్లా పూర్తిగా చల్లారదు. పళ్లెంలో ఆరబోస్తే ఎండిపోతుంది, ఫ్రిజ్‌లో పెడితే మెతుకు గట్టిపడుతుంది. మా ఇంట్లో తెల్లారేసరికి చల్లగా, తియ్యగా సిద్ధంగా ఉండే అన్నం ఒక్కటే ఉంది. నేను సిగ్గుపడి మానేసినది అదే.

సాయంత్రం అత్త చట్టి కడుగుతుంటే దగ్గర కూర్చున్నాను.

"అత్తా, ఇయ్యాల భానుకు గూడ తోడెయ్యి."

అత్త చట్టిని బోర్లించి నీళ్లు ఒంపింది. తొందరపడలేదు. "అది రాత్రన్నం కాదా?"

"రాత్రన్నమే."

"నీ బిడ్డ ఇంగ్లీషు బడిల చదువుతున్నది గద."

"చదువుతున్నది. ఇంక రెండు చెంచల పాలు ఎక్కువ పొయ్యి."

అత్త ముసిముసిగా నవ్వి పాలు కాచడానికి లేచింది. భాను మాత్రం మూతి ముడిచింది.

"మనోజ్ఞ అడిగితె?"

"రాత్రన్నమే అని చెప్పు. మా దాదీ తోడేసింది అని చెప్పు. తినబుద్ధి కాకుంటె తీసుకరా, నేనేమన."

ఉత్త డబ్బాను ఆ పూటే ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చల్లటి డబ్బాలోకి చట్టిలో పేరుకున్న అన్నాన్ని గరిటెతో చెదరకుండా దించాను. ఒక ఉల్లిగడ్డ ముక్క, మామిడికాయ తొక్కు చిన్న మూత డబ్బాలో. పక్కన ఐసు సీసా. భాను గడపలో ఆగి, జిప్పు తీసి, మూత ఎత్తి వాసన చూసింది. "ఇది ఒంటిగంటకు గిట్లనే ఉంటదా?" అన్నది.

"ఉంటదనే అనుకుంటున్న," అన్నాను. అంతకు మించి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ సాయంత్రం డబ్బా తేలిగ్గా వచ్చింది. మూత తీశాను. అంచుల్లో వేలితో గీసి నాకిన గుర్తులు తప్ప ఏమీ లేదు. భాను బూట్లు విప్పుకుంటూ, "రేపు రెండు చెంచలు పెట్టు," అన్నది.

"రెండెందుకు?"

"మనోజ్ఞ నా చెంచతోని తింటె టీచర్ కోప్పడుతది."

అత్త మంచం మీద అటు తిరిగి కూర్చుంది. నవ్వుతో ఆమె భుజాలు కదలడం కనబడుతూనే ఉంది.

ఆ తర్వాత రోజూ కోటేష్ డ్యూటీ నుంచి రాగానే బోరింగు దగ్గరికి వెళ్లి, నేను తోమకముందే డబ్బా మూత తీసి చూసేవాడు. చూసి మూత పెట్టేవాడు. నెలాఖరుకు ముందు రోజు సాయంత్రం వాకిట్లో నిలబడి ఫోన్ చేశాడు.

"ఆఁ, బాబాయీ. ఆ సీటు ఇంకెవరికన్న ఇయ్యి. అవ్... లేదు లేదు, మంచిగనే తింటున్నది. మా అమ్మ చట్టి ఉన్నది గద." వింటూ నవ్వాడు. "లేదు బాబాయీ, చట్టిని హాస్టల్‌కు పంపుడు కుదరదు."

ఆ రోజు భాను నిద్రపోయాక కొంగు మెల్లగా విడిపించుకుని లేచాను. డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి వచ్చి మళ్లీ పడుకున్నాను.

పొద్దున మబ్బు పట్టింది. అన్నం దించి, సీసా పెట్టి, జిప్పు వేసి సంచిని గడప పక్కన ఉంచాను. భాను వచ్చి చూస్తుందని అత్త, నేను ఇద్దరం ఎదురుచూస్తున్నాం. మూత ఎత్తి వాసన చూసి, ఒంటిగంటకు గిట్లనే ఉంటదా అని రోజూ అడిగే మాటకు జవాబు నా నోట్లో సిద్ధంగా ఉంది. మలుపు దగ్గర బస్సు హారన్ వినిపించింది. భాను జడ సరిచేసుకుంటూ వచ్చి సంచిని భుజానికి వేసుకుంది. జిప్పు మీద చెయ్యి కూడా వేయలేదు. గుర్రం గొలుసు ఊగుతుండగా, ఏమీ అడగకుండానే గడప దాటి వెళ్లిపోయింది.