చచ్చినవాడు నవ్వాలి

నేను ఒక కత్తిని. పేరుకే. ఇంతవరకూ ఒక టమాటాని కోసిన పాపాన పోలేదు. కానీ నా పోటుకి చచ్చినవాళ్ళు ఎనభై ముగ్గురు. అందులో ఇద్దరు మంత్రులు, ఒక కలెక్టరు, ఆరుగురు మేనమామలు. అందరూ పొడిపించుకున్న పావుగంటకి లేచి, ఒళ్ళు దులుపుకుని, ఇడ్లీలోకి ఇంకాస్త చట్నీ అడిగినవాళ్ళే.

నేను సినిమా కత్తిని. మౌలాలిలో ఖాజా భాయ్ అనే లేత్ మేస్త్రీ నన్ను పుట్టించాడు. బ్లేడు అల్యూమినియం రేకు, పిడి విరిగిన కుర్చీ కాలు, పిడి లోపల ఒక స్ప్రింగు. పొడిస్తే బ్లేడు పిడిలోకి జారుతుంది, తీస్తే బయటికొస్తుంది. ఖాజా భాయ్ నన్ను తన తొడ మీదే పదిసార్లు పొడిచి చూసుకుని, "మనుషుల కంటే నయం. ఎవరికీ నొప్పి పెట్టదు" అన్నాడు. నాకు దొరికిన సర్టిఫికెట్ అదొక్కటే. ఆ తర్వాత పొడిచినవాడికి ఈలలు, చచ్చినవాడికి పేరు, నాకు తడిగుడ్డ.

నన్ను కొన్నది బుచ్చిరాములు. కృష్ణానగర్‌లో షూటింగులకి సామాన్లు అద్దెకిచ్చే మనిషి. ఆయన గదిలో మోగని టెలిఫోన్లు, తాళంచెవి లేని బేడీలు, ఒక జడ్జి సుత్తి ఉండేవి. ఆ సుత్తికి ఎంత పొగరనుకున్నారు! "ఆర్డర్ ఆర్డర్" అనడం తప్ప దానికి ఇంకో మాట రాదు, అయినా నన్ను నేరస్తుడిలా చూసేది. దాని తలకాయ కూడా కొయ్యదే.

సినిమావాళ్ళకి ఒక ఆచారం ఉంది. తెర మీద ఎవడు చచ్చినా, ఆ షాట్ అయిపోగానే, కెమెరా ఆగకముందే, వాడు కళ్ళు తెరిచి కెమెరా వైపు చూసి నవ్వాలి. చచ్చినట్టే పడుకుని లేస్తే ఆయువుకి మంచిది కాదట, చివర నవ్వితే దోషం పోతుందట. ఆ నవ్వు ముక్క తర్వాత ఎడిటింగులో కత్తిరించి పారేస్తారు. జనానికి చావు మాత్రమే మిగుల్తుంది. అన్ని చావుల వెనకా ఉన్న నవ్వులు చూసింది నేనే. అబద్ధం ఎందుకు, చాలామంది నవ్వు వాళ్ళ చావు కంటే ఘోరంగా ఉండేది.

అలా ఉండగా 'నాలుగో వాటా' అనే సినిమాకి నన్ను పట్టుకెళ్ళారు. డైరెక్టరు చక్రధర్. తిండి కూడా మర్చిపోయి పనిచేసే మనిషి, ఎవరికీ తిండి పెట్టడం కూడా మర్చిపోయే మనిషి. కథ నల్లటి కథ. నలుగురు ప్రాణస్నేహితులకి పాడుపడిన గోదాములో బంగారు కడ్డీల పెట్టె దొరుకుతుంది. మొదట సమానంగా పంచుకుందామంటారు. తర్వాత ముగ్గురైతే ఇంకా సమానంగా ఉంటుంది కదా అనుకుంటారు. అలా ఒకరినొకరు చంపుకుంటూ వస్తారు. చివరికి మిగిలిన ఇద్దరిలో నాలుగోవాడు మూడోవాడికి విషం కలిపిన టీ ఇస్తాడు, మూడోవాడు తాగి, చచ్చేలోపు నాలుగోవాడిని పొడుస్తాడు. పెట్టె అక్కడే ఉంటుంది, తినేవాడు ఉండడు.

కడ్డీలు బంగారు కాయితం చుట్టిన చెక్కముక్కలు. వాటి కోసం పొద్దున్నంతా పీకలు పిసుక్కున్న నలుగురు మధ్యాహ్నం ఆ పెట్టె మూత మీదే పేపరు పరుచుకుని, ఒకే గిన్నెలో పులిహోర తినేవాళ్ళు. గిన్నె అడుగున మిగిలిన జీడిపప్పు కోసం మాత్రం నిజంగానే కొట్టుకునేవాళ్ళు.

ఆ నాలుగోవాడు పైడిరాజు. విజయనగరం వైపు మనిషి. పంతొమ్మిదేళ్ళుగా సినిమాల్లో ఉన్నాడు, పంతొమ్మిదేళ్ళుగా శవమే. అదీ బోర్లా పడ్డ శవం. అతని వీపు తెలుగు దేశమంతా చూసింది, మొహం ఎవరూ చూడలేదు. పెళ్ళాం నర్సమ్మ ఇళ్ళల్లో వంట చేస్తుంది. ఆమె పుట్టింటివాళ్ళు ఎప్పట్నించో ఒకటే అనేవాళ్ళు: "మీ ఆయన సినిమాల్లో లేడే, ఏదో ఓటల్లో గిన్నెలు తోముతున్నాడు."

మొదటిసారి అతనికి మాటలున్న వేషం దొరికింది. ఇరవై రెండు మాటలు. బుచ్చిరాములు దగ్గర కూర్చుని అన్నీ అప్పజెప్పేవాడు.

"రాములన్నా, ఈసారి నా మొకం కనపడతాదే. మా బావమరుదులు పదకొండు మందినీ రప్పించేస్తన్నాను. మొదటాట!"

"గట్లనే రప్పియ్యి. మొఖానికి జర నూనె రాస్కోకు, లైటు పడి మెరుస్తది" అనేవాడు బుచ్చిరాములు, నన్ను తుడుస్తూ.

ఆఖరి చావు తీసిన రోజు చెప్తాను. ఆ పొద్దున్నే నేను ఇద్దరిని చంపి ఉన్నాను. మా రక్తం అంటే చక్కెర పాకంలో ఎర్ర రంగు. ప్రతి హత్య తర్వాత నన్ను వేడినీళ్ళలో ముంచాలి, లేకపోతే పాకం లోపలికి దిగి గడ్డకడుతుంది. ఆ రోజు హడావుడిలో ముంచలేదు. చీమలు పట్టాయి, ఊదేశారు. నా స్ప్రింగు బిగుసుకుపోయింది. అరవడానికి నోరు లేదాయె.

"యాక్షన్" అన్నారు. మూడోవాడు నురగ కక్కుతూ నన్నెత్తి పైడిరాజు డొక్కలో పొడిచాడు. బ్లేడు పిడిలోకి పోలేదు. మొన మొద్దుదే కాబట్టి గుచ్చుకోలేదు, కానీ సరిగ్గా పక్కటెముకల కింద వెళ్ళి కితకిత పెట్టింది. పైడిరాజుకి కితకితలెక్కువని అక్కడ ఎవరికీ తెలీదు. పాపం, పంతొమ్మిదేళ్ళకి దొరికిన షాట్ పాడైపోతుందని పళ్ళు బిగబట్టాడు. ఒళ్ళంతా వణికింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గిలగిలా కొట్టుకుంటూ పెట్టె మీద బోర్లా పడ్డాడు.

"అబ్బ! ఏం చచ్చాడయ్యా!" అన్నాడు చక్రధర్. "సరే, నవ్వు."

అంతే. పైడిరాజు వెల్లకిలా తిరిగి, కెమెరాకేసి చూసి, బిగబట్టిందంతా వదిలేశాడు. అబ్బో, అది నవ్వు కాదు, గేట్లెత్తిన తోటపల్లి బ్యారేజీ. కెమెరామన్ నవ్వాడు, విషం తాగినవాడు నవ్వాడు, గోదాము కాపలావాడు కూడా నవ్వాడు. ఎనభై ముగ్గురిని చంపాను గానీ అలాంటి నవ్వు ఎరగను.

తర్వాత మనుషుల పని మొదలైంది. సినిమా పొడుగైందన్నారు. నాలుగోవాడు మాట్లాడకపోయినా కథ నడుస్తుందన్నారు. ఇరవై రెండు మాటలూ కోసేశారు. టీ కలిపే చెయ్యి, ఒక భుజం, మెడ వెనకభాగం ఉంచారు. నాకు కొయ్యడం రాదని ఏడ్చేవాణ్ణి, కొయ్యడం వచ్చినవాళ్ళు చేసేది ఇది.

ఈ సంగతి విడుదలకి ముందురోజు టీకొట్టు దగ్గర బుచ్చిరాములు చెవిన పడింది. పైడిరాజుకి చెప్పడానికి నోరు రాలేదు. అప్పటికే బావమరుదులు రైలెక్కారు. "కనీసం పక్కన కూసుంట" అనుకుని, నేనున్న సంచీ భుజానేసుకునే హాలుకొచ్చాడు.

ఒక వరుసంతా పైడిరాజు చుట్టాలే. నర్సమ్మ పెళ్ళినాటి చీర కట్టుకుంది. బొమ్మ పడింది. అరగంటైంది. తెర మీద ఒక చెయ్యి టీ గ్లాసు అందించింది.

"అదుగో, ఆ చెయ్యి నాదే" అన్నాడు పైడిరాజు.

"సెయ్యి తెలుత్తంది. మొకమేది బావా?" అన్నాడు పెద్ద బావమరిది.

"వస్తాది, వస్తాది."

ఇంటర్వెల్ అయింది. రాలేదు. ఒక్కో సీనూ దాటుతుంటే పైడిరాజు కుర్చీలో కిందకి జారిపోతున్నాడు. చిన్న బావమరిది మెల్లిగా, "గిన్నెలు తోమితే తప్పేటి బావా, అదీ పనే కదా" అన్నాడు. ఆ మాటకి బుచ్చిరాములు సంచీలోకి చెయ్యిపెట్టి నా పిడి గట్టిగా పట్టుకున్నాడు. నన్ను పట్టుకుని ఏం చేస్తాడు, నేను ఎవరినీ ఏమీ చేయలేను.

ఆఖరి సీను. మూడోవాడు పొడిచాడు. నాలుగోవాడు బోర్లా పడ్డాడు. నర్సమ్మ మొగుడి వైపు తిరిగింది.

"ఏటి మావా, ఇందులోనూ బోర్లాయేనా?"

పైడిరాజు తలొంచుకున్నాడు. అతను చూడనేలేదు. తెర మీద శవం కదిలింది. వెల్లకిలా తిరిగింది. కళ్ళు తెరిచింది. హాలంత మొహం, తెరంత నోరు, బంగారు పెట్టె మీద పడుకుని పొట్ట పట్టుకుని నవ్వు!

హడావుడిలో ఎడిటింగు కుర్రాళ్ళు మాటలన్నీ కోసి, పారేయాల్సిన ఆ తోకని మాత్రం మర్చిపోయారు.

ఎవడో అరిచాడు: "ఓరినీ! ఆడు సావలేదురోయ్! బంగారమంతా ఆడిదే!" ఈలలు, కాగితాలు, కుర్చీలెక్కిన జనం. నర్సమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "మా ఆయనే! అది మా ఆయనే!" అని ముందు వరుసల వాళ్ళ వీపులు తట్టి మరీ చెప్పింది. పెద్ద బావమరిది అటు తెరనీ ఇటు బావనీ మార్చి మార్చి చూసి, లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

సినిమా ఆడింది. అప్పుడు చూడాలి, ఆ నవ్వుని పంచుకోడానికి కొట్లాట. కథ అనుకున్న రోజే ఆ నవ్వు తన మనసులో ఉందన్నాడు చక్రధర్. కావాలనే ఉంచానన్నాడు ఎడిటరు. ఆ వెలుగు నాదన్నాడు కెమెరామన్. అంతవరకూ ప్రాణస్నేహితులైన ఈ ముగ్గురూ నెలరోజులు మాట్లాడుకోలేదు. నాలుగో వాటా అడగాల్సిన పైడిరాజు అటు పోలేదు. అడగాల్సిన ఐదో వాటా నాది. స్ప్రింగు బిగుసుకుంది నాకు. పోనీండి.

ఇప్పుడు నేను పైడిరాజు ఇంట్లో, వంటగది గోడకి మేకుకి వేలాడుతున్నాను. బుచ్చిరాములే ఇచ్చేశాడు, "ఇది నీకు కలిసొచ్చింది, నీ తాననే ఉండనియ్యి" అని. పాకం కడిగించుకున్నాను, స్ప్రింగు మళ్ళీ పువ్వులా ఆడుతోంది. మొదట్లో నర్సమ్మ నాతో ఉల్లిపాయ కోయబోయింది. నేను పిడిలోకి దూరిపోయాను. ఆమె నవ్వి వదిలేసింది.

ఈమధ్య పైడిరాజుకి మాటలున్న వేషాలే వస్తున్నాయి. ఇంటికొచ్చి అవన్నీ అప్పజెప్తాడు, అన్నం చల్లారిపోతున్నా ఆపడు. అప్పుడు నర్సమ్మ నన్ను మేకు మీంచి తీసి డొక్కలో ఒక్క పోటు పొడుస్తుంది. అతను గిలగిలా కొట్టుకుని చాప మీద బోర్లా పడతాడు. ఆమె నడుం మీద చెయ్యేసుకుని నిలబడుతుంది.

"సాలు సచ్చింది. ఇటు తిరిగి నవ్వు మావా, అన్నం తిందాం."

తిరుగుతాడు.