ముందు సీటు అసిరయ్యది

అసిరయ్య, దేముడు పందేల్లో తొక్కే సైకిల్‌కు రెండు సీట్లు. బ్రేకులుండవు. ముందు కూర్చుని అసిరయ్య హ్యాండిల్ పట్టేవాడు. వెనక దేముడికి ఎక్కువగా కనబడేది అతని వీపే.

అసిరయ్యది కద్మా, దేముడిది సోనారి. ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్లో రెండు పేటలవి. ఇద్దరివీ శ్రీకాకుళం వైపునుంచి అక్కడికి వచ్చిన కుటుంబాలే. 1975 నుంచి నాలుగేళ్లు వరసగా జాతీయ పోటీల్లో ఆ పందెం వాళ్లదే. ఆ ఊళ్లోనే సాక్చి బజార్లో ఒక మిఠాయి కొట్టువాడు వాళ్ల ఫొటో గోడకు తగిలించుకున్నాడు.

నాలుగో పతకం తెచ్చిన కొన్నాళ్లకు, ఒక కాంట్రాక్టు షెడ్డులో గ్రైండింగ్ చేస్తుంటే అసిరయ్య ఎడమ కంట్లో ఇనుప రవ్వ పడింది. నెల తిరిగేసరికి ఆ కంటి చూపు పోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే దేముడి ముందు ఇంకొకడు కూర్చుంటాడు. ఆ సంగతి అతను ఓర్చుకోలేడు.

మరుసటి ఏడాది ఫైనల్లో, ఆఖరి చుట్టులో, అసిరయ్య వాలుగా ఉండే ట్రాక్ పైఅంచునుంచి లోపలి గీతవైపు బండి దూకించాడు. ఎడమనుంచి దూసుకొస్తున్న ఇంకో జోడీ అతనికి కనబడలేదు.

"అసిరీ, ఎడమ!" అని దేముడు అరిచేలోపే చక్రాలు తగులుకున్నాయి.

అసిరయ్యకు భుజం ఎముక విరిగింది. దేముడికి వెన్ను విరిగింది. నడుం కింద ఇక కదలిక లేదు.

భుజం అతుక్కున్నప్పట్నుంచి అసిరయ్య రోజూ షిఫ్టు దిగి సోనారి వెళ్లేవాడు. దేముణ్ణి ఎత్తి స్నానం చేయించి, బట్టలు మార్చి పడుకోబెట్టేవాడు. ఒకరోజు దేముడి తల్లి సన్యాసమ్మ మామూలుగానే అడిగింది.

"అంత దగ్గరకొచ్చీసినా ఆ బండి నీకు అగుపడనేదేటి నాయనా?"

ఆమె గొంతులో కోపం లేదు. అసిరయ్య తట్టుకోలేకపోయాడు.

"అగుపడనేదు పిన్నీ. ఈ కన్ను అప్పటికే పోయింది. సెప్పకుండా తొక్కినాను."

సన్యాసమ్మ అతని ముఖంలోకి చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

"నాకు తెల్సురా," అన్నాడు దేముడు మంచంమీంచి.

"ఏటి తెల్సు?"

"ఎడమ పక్కనుంచి పిలిత్తే తల మొత్తం తిప్పి సూసీవోడివి. ప్రాక్టీసులోనే కనిపెట్టీసినాను."

"మరెందుకెక్కినావురా నా ఎనక?"

"నానడిగితే నువ్వు బండి దిగిపోతావని బయమేసింది. ఎడమ పక్క నాను సూసుకుంటాననుకున్నాను. సాలనేదు."

తిట్టినా భరించేవాడు అసిరయ్య. మంచం పట్టీమీద తల ఆనించి బావురుమన్నాడు. దేముడు చెయ్యి చాచి అతని జుట్టు పట్టుకున్నాడు.

ఆ తర్వాత సన్యాసమ్మ అతనితో మాట్లాడలేదు. సాయంత్రం తలుపు మాత్రం తీసేది. అలా అయిదేళ్లు. 1984 వానాకాలంలో పడక పుండ్లు చీముపట్టి దేముడు పోయాడు.

కర్మ అయిన మర్నాడు కూడా అసిరయ్య అదే వేళకు వచ్చాడు. సన్యాసమ్మ గడపలోనే నిలబడింది.

"ఇంక రావొద్దు బాబూ. నీ మీద కోపం నేదు. నిన్ను సూత్తే వోడు లోపల పిలుత్తన్నట్టుంటంది."

"అలాగే పిన్నీ," అన్నాడు.

ఆ మర్నాడు షిఫ్టు దిగాక అతని కాళ్లు సోనారివైపే నడిచాయి. వీధి మొగదాకా వచ్చి, కాసేపు నిలబడి, కద్మా వెళ్లిపోయాడు.