గవరమ్మ చేతుల్లో ఇనుము

సముద్రం నడుమ దీవిలోని జాలరిపేట జంగ్లీఘాట్‌లో ఎవరి గేలం ఇసుకలో పడినా, ఎవరి సూది చాప కింద దూరినా గవరమ్మ రావాల్సిందే. ఆవిడ అలా చెయ్యి తిప్పితే చాలు, ఇనుపదేదైనా వచ్చి అరచేతికి అంటుకుంటుంది. పదహారేళ్ల కొత్త పెళ్లికూతురుగా విశాఖలో ఓడెక్కి, మూడు రాత్రులూ భయంతో ఇనుప రెయిలింగు వదల్లేదట. దిగేసరికి ఆ ఇనుము చేతుల్లోకి వచ్చేసింది. యాభై రెండేళ్లయింది. పేటలో ఎవరికీ అది వింత కాదు, పోయిన సూది దొరికితే చాలు.

ఆ ఇనుమే ఆవిడకి పగైంది. తల్లి పోయిందని కబురొచ్చి బయల్దేరితే, ఓడ మెట్ల దగ్గర చేతులు రెయిలింగుకి అతుక్కుపోయాయి. కొబ్బరినూనె పోసి ఊడదీసేసరికి ఓడ వెళ్లిపోయింది. మళ్లీ ఎక్కలేదు. విమానమంటే ససేమిరా, నీళ్ల మీద వచ్చినదాన్ని నీళ్ల మీదే పోతానంటుంది. భీమిలిలో అక్క కాళమ్మ ఒక్కతే మిగిలింది. ఈమధ్య ఫోన్లో ఆమె మాట తడబడుతోంది.

గ్యాస్ సిలిండర్లు తెచ్చే ఓడ ఆలస్యమైందని కోడలు సాయిలక్ష్మి ఇండక్షన్ పొయ్యి కొంది. గవరమ్మ దాని మీద పుట్టింటి సత్తు గిన్నె పెడితే, అది కుయ్‌కుయ్‌మని ఏదో ఎర్రర్ చూపించి ఊరుకుంది. సాయిలక్ష్మి ప్లగ్గు పీకి మళ్లీ పెట్టింది. ఓల్టేజి చాలలేదేమోనని ఫ్రిజ్ ఆపింది. అడుగున ఫ్యాను సందుల్లో ఉప్పుచెమ్మ తుడిచి, బొద్దింకల్ని దులిపింది. ఊహూఁ. చివరికి బ్రూక్షాబాద్ నుంచి మెకానిక్ దుర్గారావు వచ్చి, జేబులోంచి అయస్కాంతం తీసి గిన్నె అడుగున పెట్టాడు. జారి పడింది.

"పొయ్యి ఠీక్ ఉంది దీదీ. అయస్కాంతం అంటుకునే గిన్నెకే ఇది వేడెక్కుద్ది. ఈ గిన్నె అల్యూమినియం, మార్చెయ్యండి."

"మా యమ్మ గిన్ని. నానొగ్గను," అంది గవరమ్మ. ఎవరో లాక్కుపోతున్నట్టు రెండు చేతులా పట్టుకుని పొయ్యి మీద పెట్టింది. కుయ్‌కుయ్ ఆగింది. కాసేపటికి నీళ్లు మరిగాయి. అయితే అలాగే పట్టుకోండి, చేతులకి గుడ్డ చుట్టుకోండని చెప్పి, టీ తాగి వెళ్లాడు దుర్గారావు.

ఆ రోజునుంచి ఆవిడ పట్టుకుంటేనే చేపలపులుసు ఉడికేది. చింతపండు ఆవిరిలో భీమిలి ఒడ్డు కనిపించేది. అమ్మ అదే గిన్నెని ఇసకతో తోమడం, అక్క తనకోసం తోకముక్క దాచడం. ఏడుపొచ్చేది. తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు.

రెండు నెలలు తిరిగేసరికి పొయ్యి మళ్లీ మొరాయించింది. ఎంత గట్టిగా పట్టుకున్నా అదే కుయ్‌కుయ్. సాయిలక్ష్మి ప్లగ్గూ, ఓల్టేజీ, ఫ్యానూ అన్నీ మళ్లీ చూసింది. దుర్గారావు మళ్లీ వచ్చాడు. ఈసారి గిన్నె జోలికి పోలేదు. చెయ్యి చాపమ్మా అని గవరమ్మ అరచేతిలో అయస్కాంతం పెట్టి బోర్లించాడు. అది ఠంగుమని నేల మీద పడింది. ఇనుమంతా పులుసులకే అయిపోయింది.

ఇంక గేలాలెవరు వెతుకుతారని సాయిలక్ష్మి దిగులుపడింది. గవరమ్మ చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"ఓడ టిక్కెట్లు ఎప్పుడిత్తారో కనుక్కోయే," అంది.

ఓడ మెట్ల మీద, గిన్నె మూట చంకన పెట్టుకుని, గవరమ్మ కావాలనే రెయిలింగు గట్టిగా పట్టుకుంది. వదిలింది. చెయ్యి వచ్చేసింది. నమ్మకం చాలక మళ్లీ పట్టుకుని వదిలింది. చలో అమ్మా అని వెనక జనం విసుక్కున్నారు. పైకెక్కి, సిగ్నల్ పోకముందే అక్కకి ఫోన్ చేసింది.

"వొచ్చెత్తన్నానక్కా. తోకముక్క నాకుంచు."