కురచ కాని గౌను

పిల్లలూ, మీరు ఒకరి తర్వాత ఒకరు తొడుక్కున్న నీలం గౌను ఎక్కడిదో మీకెప్పుడూ చెప్పలేదు.

మీరు చూడని ఊళ్లో అక్కాచెల్లెళ్ల కుట్టుకొట్టు ఒకటుండేది. పొద్దున్నే అక్క బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీసి కత్తిరించేది. చెల్లెలు మిషన్ తొక్కేది. అక్క కత్తిరించిన బట్ట వేసుకున్నవాళ్లతో పాటే పెరిగేది. తమ్ముడికిస్తే తమ్ముడి కొలతకొచ్చేది. దాన్నెవరూ వింతనుకోలేదు, ఉతికి ఆరేసుకునేవాళ్లు.

"నీ పుణ్యమా అని ఈగలు తోలుకుంటున్నాం," అనేది చెల్లెలు. "బట్టలు కురచైతేనే అక్కా, కొట్టు నడిచేది."

"నీ కోటూ నేను కత్తిరించిందేగా. అదీ కురచైతే బాగుండునా?" అని అక్క నవ్వేది. చెల్లెలు బడికెళ్లిన నాటి కోటు అది.

కీళ్లవాతం అక్క కుడి మణికట్టులో దిగింది. కత్తెర పడితే కళ్లలో నీళ్లు తిరిగేవి. కొట్టు మూయలేక, ఎక్సరేలిచ్చి చెల్లెల్ని సర్జన్ దగ్గరికి పంపింది.

"ఏమన్నాడే?"

"మందులు చాలన్నాడు. ఆపరేషన్ అక్కర్లేదట."

అక్క నమ్మింది. చలికాలమంతా మందులు మింగుతూ కత్తిరించింది. చెల్లెలి కూతురికని నీలం గౌను కత్తిరించి లేస్తుండగా చిటికెనవేలు, ఉంగరపువేలు వాలిపోయాయి. ఎత్తుదామంటే లేవలేదు.

"మీ చెల్లెలికి అప్పుడే చెప్పాను కదమ్మా," అన్నాడు సర్జన్. "కీలు చుట్టూ వాచిన పొర తీసేస్తే సరిపోయేది. ఆలస్యమైతే వేళ్లనెత్తే తాళ్లు ఎముకకి రాసుకుని తెగుతాయనీ చెప్పాను."

తెగినవాటిని పక్కవేలి తాడుకి కలిపి కుట్టారు. పాడైన కీలుని ప్లేటు పెట్టి బిగించేశారు. నొప్పి పోయింది. మణికట్టు ఇక వంగదు. తిన్నటి గీత కత్తిరించగలదు గానీ, చంక వంపు దగ్గర కత్తెర తిరగదు.

కొట్టు చెల్లెలి చేతికొచ్చింది. ఆమె కత్తిరించిన బట్టలు చక్కగా కురచయ్యేవి. కానీ కుట్టించుకునేదెవరు? ఊరంతా అక్క బట్టల్లోనే పెరుగుతోంది.

ఆ వానాకాలం చెల్లెలు కాస్త ఒళ్లు చేసింది. కోటు పెరగలేదు.

"అక్కా, చంకలో పట్టేస్తోంది. ఓసారి చూడవూ."

అక్క పరదా గుడ్డ తిన్నగా కత్తిరిస్తూ తలెత్తలేదు. "కొత్తది కుట్టించుకో. బట్టలు కురచైతేనే కదా కొట్టు నడిచేది."

చెల్లెలు తాళంచెవి బల్ల మీద పెట్టింది. కూతురి చెయ్యి పట్టుకుని, గుండీలు పట్టని కోటుతోనే వానలోకి వెళ్లిపోయింది. కూతురి ఒంటి మీద నీలం గౌను మాత్రం పెరుగుతూనే ఉంది. ఆ కూతురే మీ అమ్మమ్మ.

ఎవరికైనా డాక్టరు మాట మోసుకెళ్లాల్సి వస్తే, నోరు రాకపోయినా సరే, మొత్తం చెప్పండి. గౌను మీ పిల్లలకి తొడిగేటప్పుడు ఈ కథ కూడా చెప్పండి. ఆ చెల్లెలు మన మనిషేనన్నది దాచకండి.